నాలుగు వేళ్ల రేటు

సూరత్‌లో మగ్గం నడిపేవాళ్లు లక్షల్లో ఉంటారు. అచ్చు అతికేవాళ్లు మాత్రం ఏ వీధిలో వెతికినా ఇద్దరో నలుగురో దొరుకుతారు. వాళ్లను కదిలిస్తే మేం లేకపోతే సూరత్ చీర లేదంటారు. అందులో అబద్ధం కొంచెమే.

మగ్గం మీద నిలువు పోగుల పడుగు అయిపోవచ్చేసరికి దాని వెనక కొత్త పడుగు చుట్టిన బీమ్ తెచ్చి పెడతారు. పాత పడుగులో నాలుగువేల ఎనిమిది వందల పోగులుంటే కొత్తదానిలోనూ అన్నే ఉంటాయి. పాత పోగు కొసను కొత్త పోగు కొసతో కలిపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెలితిప్పి వదలాలి. ముడి వెయ్యకూడదు. వేస్తే లావెక్కి, దువ్వెనలాంటి అచ్చు పళ్లలో ఇరుక్కుని తెగుతుంది. మెలి జారకుండా నిలవాలంటే వేళ్ల కొసలకు చిటికెడు బూడిద అద్దుకోవాలి. ఒకటి అయ్యాక ఇంకొకటి, అలా నాలుగువేల ఎనిమిది వందలు. చూసేవాడికి అయిదు నిమిషాల్లో నిద్రొస్తుంది. చేసేవాడికి రాకూడదు.

సోమలింగం ఈ పని ఇరవై రెండేళ్లు చేశాడు. కోరుట్ల దగ్గరి ఊరి నుంచి వచ్చి, లింబాయత్‌లో ఒక ఒంటిగది ఖోలీ అద్దెకు తీసుకుని, పెళ్లాం వినోదను తెచ్చుకుని, అక్కడే నలభై ఆరేళ్ల వాడయ్యాడు. ఈ పనికి ఇద్దరు కావాలి. ఆయన జోడీ మార్కండేయ. మెట్‌పల్లి వైపు మనిషి, సోమలింగం కన్నా ఆరేళ్లు పెద్ద, భార్యాపిల్లల్ని ఊళ్లోనే ఉంచి సూరత్‌లో ఒక్కడే ఉండేవాడు. ఒకరు పడుగుకు ఈ అంచున, ఇంకొకరు ఆ అంచున పీటలు వేసుకుని కూర్చుని, అతుక్కుంటూ మధ్యకు వచ్చి కలుసుకుంటారు. ఎవరు ఎన్ని పోగులు అతికారని ఎవరూ లెక్కపెట్టరు. వెయ్యి పోగులకు ఇంత అని సేఠ్ ఇచ్చేదాన్ని చెరి సగం చేసుకుంటారు.

ఈ పనిలో రాతలో లేని రూలు ఒకటుంది. పీట ఖాళీగా ఉండకూడదు. జోడీలో ఒకడు వారం రోజులు కనబడకపోతే ఖాతా, అంటే మగ్గాల షెడ్డు, చూసుకునే మాస్టర్ ఇంకొకణ్ని తెచ్చి కూర్చోబెడతాడు. ఒకసారి కూర్చున్నవాణ్ని లేపడం ఆ బ్రహ్మదేవుడి వల్ల కూడా కాదు. అందుకే జ్వరమొచ్చినా నడుం పట్టేసినా వచ్చి పీట మీద కూలబడతారు గానీ ఇంట్లో పడుకోరు.

సోమలింగానికి మోచేతుల మీద, మోకాళ్ల మీద పదేళ్ల నుంచీ ఎర్రటి మచ్చలు, వాటి మీద వెండిరేకుల్లాంటి పొలుసులు ఉండేవి. చలికాలం పెరిగేవి, ఎండాకాలం తగ్గేవి. ఆయన వాటిని పట్టించుకోలేదు. పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే ఎవరికీ కనబడవు, పోగుకు అడ్డం రావు. ఇంట్లో దుప్పటి దులిపినప్పుడల్లా వినోద మాత్రం, ఈ మనిషి నెలకో తోలు మార్చే పాము జాతి అని నవ్వేది.

ఆ నవ్వు కరోనాతో పోయింది. లాక్‌డౌన్‌లో ఖాతాలు మూతబడి, సగం బస్తీ ఊళ్లకు వెళ్లిపోతే, వీళ్లు కదలకుండా ఉన్నారు. మగ్గాలు మళ్లీ తిరగడం మొదలయ్యాక ఖాతా గేటు దగ్గర సేఠ్ ఒక డ్రమ్ము నిండా ఘాటైన సబ్బునీళ్లు పెట్టించాడు. లోపలికి వెళ్లేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఒకసారి, మధ్యలో చాయ్‌కి ఒకసారి, చేతులు ముంచకుండా వాచ్‌మన్ వదలడు. ఆ పైన సీసాలోంచి శానిటైజర్. నెల తిరిగేసరికి పదేళ్లుగా మోచేతుల దగ్గర బుద్ధిగా కూర్చున్న రోగం అరచేతుల్లోకి దిగింది. అక్కడి నుంచి వేళ్ల కొసలకు పాకింది. తోలు మందమై, పొలుసులు లేచి, గీతల వెంట చీలి రక్తం వచ్చేది.

నూలు అయితే ఎట్లాగో సర్దుకునేదేమో. అది పాలిస్టర్ పోగు, తలవెంట్రుక కన్నా సన్నం. పొలుసుకు తగిలితే పట్టుకుంటుంది, లాగితే తెగుతుంది. ఇరవై రెండేళ్లు పోగుల్ని కలిపిన వేళ్లే ఇప్పుడు పోగుల్ని తెంపుతుంటే సోమలింగానికి ఏడుపొచ్చేది.

గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, అది మనిషిని మనిషి ముట్టుకోని కాలం. బస్తీ నల్లా దగ్గర ఆయన చేతులు చూసి ఆడవాళ్లు బిందెలు పక్కకు జరిపారు. చాయ్ దుకాణంవాడు ఆయనకు మాత్రం కాగితం కప్పులో పోయడం మొదలుపెట్టాడు. ఇది అంటుకునే రోగం కాదని చెప్పుకోవడానికి కూడా ఆయనకు తెలియదు. నిజంగా అంటుకుంటుందేమో అనే భయంతో వినోద కంచం విడిగా పెట్టించాడు. వినోద ఆ కంచాన్ని తీసి మళ్లీ ఒక్కచోటే పెట్టింది.

వేపాకు, కానుగ నూనె, ఎవరో చెప్పిన పసరు, అన్నీ అయ్యాయి. సర్కారు దవాఖానాలో ఇచ్చిన లేపనం మంచిదే. కాకపోతే అది జిడ్డు. జిడ్డు వేలితో మెలి నిలవదు. అందుకని సోమలింగం పొద్దున లేపనం రాసుకుని, పీట మీద కూర్చోగానే దాన్ని గుడ్డతో గట్టిగా తుడిచేసి, బూడిద అద్దుకునేవాడు. మందు ఒకపూట, బూడిద పదిగంటలు. ఆ మందును ఎవరు తప్పు పడతారు?

వీటన్నిటి మధ్య ఒక సంగతిని సోమలింగం ఆలస్యంగా కనిపెట్టాడు. పడుగు మీద ఇద్దరూ కలుసుకునే చోటు నెలనెలా తనవైపే జరుగుతూ వస్తోంది. మార్కండేయ మాట్లాడకుండా మధ్యను దాటి వచ్చి అతుకుతున్నాడు. పగార్ మాత్రం ఎప్పటిలాగే సగం చేసి ఇస్తున్నాడు. మాస్టర్ కూడా కనిపెట్టాడు. హోలీ దాకా చూస్తానని, అప్పటికీ చేతులు ఇలాగే ఉంటే వేరే జోడీని పిలుస్తానని, అదీ కుదరకపోతే పోగులు అతికే మిషన్ తెప్పిస్తానని చెప్పాడు. మిషన్ వస్తే ఇద్దరి పీటలూ పోతాయి. సోమలింగం తిన్న అన్నం ఆ రోజు నుంచి ఒంటికి పట్టలేదు.

దారి చూపింది వినోదే. ఆమె ఇంట్లో కూర్చుని చీరలకు ఫాల్ కుడుతుంది. ఆల్థాన్‌లో ఉండే వెంకటసుబ్బమ్మ గారు, హజీరా కంపెనీలో పనిచేసే ఆయన భార్య, తన చీరలన్నీ వినోదకే పంపుతుంది. ఆమె చెప్పింది, అడాజన్‌లో ఒక చర్మం డాక్టరుందని, మన తెలుగావిడేనని, పేరు కోమలి అని. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిన కూర్చున్నా ఫరవాలేదంటారు. డిసెంబరులో ఒకరోజు మొగుడూ పెళ్లాలు మాస్కులు కట్టుకుని బస్సెక్కి తాపీ నది దాటారు.

అద్దాల తలుపుల ఆసుపత్రి చూడగానే సోమలింగం కాళ్లు వెనక్కి లాగాయి. లోపల కూర్చున్న డాక్టరు రాజమండ్రి దగ్గరి మనిషి. "సోమలింగం గారూ, కూర్చోండి," అంది. సూరత్ వచ్చాక ఆయన్ను 'గారు' అన్నవాళ్లు ఎవరూ లేరు. ఆయన వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా ఉన్నారేమోనని.

ఆమె గ్లవుజు తొడుక్కున్న చేత్తో ఆయన అరచేతిని పట్టుకుని, లైటు కిందికి తీసుకుని, వేలు వేలూ తిప్పి చూసింది. అన్ని నెలల్లో వినోద కాక ఇంకొకరు ఆ చేతిని ముట్టుకోవడం అదే మొదలు. దీన్ని సోరియాసిస్ అంటారని, అంటుకోదని, పూర్తిగా పోదు కానీ అణిగి ఉండేలా చేయవచ్చని చెప్పింది. అంటుకోదన్న మాట వినగానే వినోద కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బలమైన మాత్రలు ఉన్నాయట గానీ అవి ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తిని తగ్గిస్తాయట. బయట కరోనా ఉండగా ఇప్పుడు అవి మొదలుపెట్టడం తనకు ఇష్టం లేదంది. మిగిలింది లేజర్.

లేజర్ అంటే కోసేస్తారనుకున్నాడు సోమలింగం. చేతులు రెండూ వెనక్కి దాచుకున్నాడు. అది కత్తి కాదనీ, కంటికి కనబడని ఒక రకం వెలుగనీ, మంచి తోలును వదిలి పాడైనచోటే పడేలా వేస్తామనీ ఆమె నిదానంగా చెప్పింది. వారానికి రెండుసార్లు, ఇరవైసార్లు రావాలి. చేతులు, మోచేతులు, మోకాళ్లు అన్నిటికీ కలిపి ఒక్కసారికి మూడువేలు. అంటే అరవై వేలు. ఆ మిషన్‌కి పెట్టిన డబ్బుతో అడాజన్‌లో ఒక ఫ్లాటు వస్తుందట. అందులోని గ్యాసు అయిపోతే మళ్లీ నింపాలట. ఆసుపత్రి తనది కాదనీ, రేటు తన చేతిలో లేదనీ కూడా దాచకుండా చెప్పింది.

సోమలింగం దగ్గర అరవై వేలు లేవు. ఆరోగ్యశ్రీ కార్డు ఊళ్లో ఉంది. ఉన్నా సూరత్‌లో దాన్ని ఎవరికి చూపించాలి? తక్కువ చేయమని బతిమాలడానికి వినోద నోరు తెరిచింది. ఈలోపు సోమలింగం, జన్మలో ఏ రోగీ డాక్టరును అడగని మాట అడిగాడు.

"డాక్టరమ్మా, ఇది గుత్త రేటా, లెక్క రేటా?"

ఆమెకు అర్థం కాలేదు. సోమలింగం ఓపిగ్గా విడమరిచాడు. తమ పనిలో బీమ్‌కి ఇంత అని గుత్తగా ఇవ్వరు, వెయ్యి పోగులకు ఇంత అని లెక్కన ఇస్తారు. ఈ వెలుగు కూడా మనిషికి ఇంత అని పడుతుందా, పొలుసు ఎంత ఉంటే అంతకా? ఆమె ఆలోచించి, నిజానికి లెక్కేనంది. మిషన్ ఒక్కో దెబ్బకు రూపాయి బిళ్లంత మేర వెలుగు వేస్తుంది, ఎన్ని దెబ్బలు పడ్డాయో అదే లెక్క చూపిస్తుంది.

"అయితే నాకు నాలుగు వేళ్లకు చెప్పుండ్రి," అన్నాడు సోమలింగం. "మిగతా ఒళ్లు ఎట్లనో ఎల్లదీస్త."

డాక్టరు కోమలి నవ్వుదామనుకుని ఆగింది. ఏ నాలుగో చూపించమంది. ఆయన భుజం మీది తువ్వాలు అంచు నుంచి రెండు దారాలు లాగి, బల్ల మీద పెట్టి, అచ్చు ఎలా అతుకుతారో చేసి చూపించాడు. కుడి బొటనవేలు, కుడి చూపుడువేలు, ఎడమ బొటనవేలు, ఎడమ చూపుడువేలు. నొప్పికి మూతి బిగబట్టి మరీ చూపించాడు. ఆమె ఇంకోసారి చేయమంది. ఇంకోసారి చూసి, "ఎడమచేతి నడిమి వేలు కూడా పని చేస్తోందండీ. పోగు దాని మీదే ఆనుతోంది చూడండి," అంది.

సోమలింగం చూసుకున్నాడు. నిజమే. ఇరవై రెండేళ్లుగా ఆ వేలు పనిచేస్తోంది, దానికి పేరు రాలేదు. వేళ్లు అయిదయ్యాయి, రేటు పెరుగుతుందని ఆయన ముఖం వాడిపోయింది. ఆమె కాగితం మీద ఏదో రాసి, ఆసుపత్రిలో అన్నిటికన్నా చిన్న రేటు సిట్టింగుకు అయిదు వందలనీ, అది నాలుగు వేళ్లకు సరిపోతుందనీ, అయిదో వేలు కొసరనీ చెప్పింది. వంకాయలు కొంటే కొసరు వేస్తారని తెలుసు గానీ డాక్టర్లు వేస్తారని వాళ్లిద్దరికీ అప్పటిదాకా తెలియదు.

అయితే ఒక షరతు పెట్టింది. ఆ పది వారాలూ బూడిద తగలకూడదు. సబ్బునీళ్లు తగలకూడదు. లేపనం తుడవకూడదు.

తిరిగి వస్తూ బస్సులో వినోద హుషారుగా లెక్కలు వేసింది. ఇరవై సార్లకు పదివేలు. చిట్టీ ఎత్తితే కొంత, ఫాల్‌లు ఇంకాస్త ఎక్కువ కుడితే కొంత, అదేం కొండ కాదు. సోమలింగం కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఎందుకట్లా ఉన్నావని ఆమె అడిగితే, "పదివేలు నువ్వు చూసుకుంటవ్. బూడిద లేని పది వారాలు ఎవలు చూసుకుంటరు?" అన్నాడు. లేజర్ అసలు ధర రసీదులో లేదని అప్పుడు వినోదకు అర్థమైంది. పది వారాలు పని లేకపోతే తిండి సరే, అప్పో సప్పో చేసి తింటారు. పీట పోతే?

మర్నాడు ఖాతాలో మార్కండేయతో సంగతంతా చెప్పాడు. మార్కండేయ పోగులు అతుకుతూనే విన్నాడు. పనిలో ఉన్నప్పుడు ఆయన తలెత్తడు. చివరికి ఒకే ఒక మాట అన్నాడు.

"పీట మీద కూసునుడు నీ పని. అతుకుడు నా పని."

అలా జనవరి నెల మధ్య నుంచి సూరత్‌లో ఒక వింత మొదలైంది. సోమలింగం పొద్దున్నే ఖాతాకు వచ్చి, వాచ్‌మన్‌కు డాక్టరు చీటీ చూపించి డ్రమ్ము తప్పించుకుని, తన అంచున పీట వేసుకుని, నూలు గ్లవుజులు తొడిగిన చేతులు ఒళ్లో పెట్టుకుని, పెళ్లిచూపులకు కూర్చున్న పిల్లలా కూర్చునేవాడు. మార్కండేయ తన అంచున మొదలుపెట్టి, మధ్యకు వచ్చి, మధ్య దాటి, సోమలింగం మోకాలి దాకా అతుక్కుంటూ వచ్చేవాడు. మూడు గంటల పని ఆరు గంటలు పట్టేది. మాస్టర్ వచ్చి చూసేవాడు. రెండు పీటలూ నిండి ఉన్నాయి, ఆయన రూలు ఆయనకు చెల్లింది. ఆ గ్లవుజులు ఆయనకు కనబడలేదంటే నమ్మలేం. కనబడనట్టు ఉన్నాడు, అందుకు ఆయనకూ ఓ దండం పెట్టాల్సిందే.

ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో సోమలింగానికి అప్పుడే తెలిసింది. సిగ్గు తీరక కబుర్లు చెప్పేవాడు. కోరుట్ల సంతలో ఎద్దు తప్పిపోయిన కథ ఒక్కటే తొమ్మిదిసార్లు చెప్పాడు. మార్కండేయ తొమ్మిదిసార్లూ విన్నాడు. మొదటి పగార్ రోజున మార్కండేయ నోట్లు సగం చేసి చేతికిస్తే సోమలింగం పుచ్చుకోలేదు. కూర్చున్నందుకు కూలీ తీసుకునేంత దిగజారలేదన్నాడు. మార్కండేయకు కోపం వచ్చింది. ఆయనకు కోపం రావడం చాలా తక్కువ.

"నీ చెయ్యి పోతే నాకు ఇంకో జోడీ దొరుకుతడు. నా చెయ్యెట్ల నడుస్తదో వాడికెట్ల తెలుస్తది? తీసుకో," అని నోట్లను పీట మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం వినోద ఆ డబ్బుతో బియ్యం తెచ్చి వండింది. అన్నం కలుపుకుంటూ సోమలింగం కళ్లు తుడుచుకున్నాడు.

అడాజన్‌లో పని తేలికగానే సాగేది. కళ్లకు నల్లద్దాలు పెట్టి, చెయ్యి దిండు మీద ఉంచితే, డాక్టరు వేలి కొస మీద ఒక గొట్టం ఆనించేది. టిక్ టిక్‌మనేది. చెయ్యి ఎండలో పెట్టినట్టు వెచ్చన. అయిదు వేళ్లకు అయిదు నిమిషాలు కూడా పట్టదు. బస్సుకు వచ్చీపోయే రెండున్నర గంటలే ఎక్కువ. మూడో సిట్టింగు నాటికే పొలుసులు పలచబడ్డాయి.

అదే కొంప ముంచింది. పెళ్లిళ్ల చీరల తొందరలో ఒకరోజు మూడు బీములు ఒక్కసారి వచ్చాయి. మార్కండేయ నడుం పట్టుకుని వెనక్కి వాలడం చూసి సోమలింగం ఆగలేకపోయాడు. గ్లవుజులు విప్పి, బూడిద అద్దుకుని, రెండొందల పోగులు అతికాడు. తెల్లారేసరికి రెండు వేళ్లు పచ్చిపుండ్లు. డాక్టరు కోమలి ఆ వేళ్లను లైటు కింద తిప్పి చూసింది. తర్వాత, "బూడిదలో పోసిన పన్నీరంటే వినడమే గానీ చూడలేదండీ, మీరు చూపించారు," అంది. సోమలింగం తల వంచుకుని, తన జోడీ సంగతి, నడుం సంగతి చెప్పాడు. ఆమె ఆ రోజు దెబ్బ వేయలేదు, డబ్బు తీసుకోనివ్వలేదు. పుండు మానేదాకా ఆగి, వెలుగు తగ్గించి మళ్లీ వేసుకుంటూ వచ్చింది.

మార్చి నెల సగానికి వచ్చేసరికి పదహారు అయ్యాయి. నాలుగు మిగిలాయి. వేళ్ల కొసలు లేతగా, ఎర్రగా, కొత్తగా ఉన్నాయి. హోలీకి ఇంకా రెండు వారాలుంది. సోమలింగం గండం గడిచిందనుకున్నాడు. సరిగ్గా అప్పుడే సూరత్‌లో కరోనా మళ్లీ లేచింది. ఒక ఉదయం మార్కండేయ పీట ఖాళీగా ఉంది.

జ్వరం, దగ్గు, ఆ పైన ఊపిరి ఆడకపోవడం. పక్క గదివాళ్లు ఆసుపత్రిలో చేర్చారు. లోపలికి ఎవర్నీ పోనివ్వరు. ఫోనులో మాట్లాడటానికి ఆయనకు గాలి చాలడం లేదు. మాస్టర్ ఈసారి కళ్లు మూసుకోలేదు. ఒక పీట మీద చేతులు లేని మనిషి, ఇంకో పీట మీద మనిషే లేడు, ఇలాగైతే ఖాతా నడవదని, వారంలో వేరే జోడీ వస్తుందని చెప్పేశాడు. ఆయన్ను కూడా తప్పుపట్టలేం.

బూడిద అద్దుకుంటే ఇన్ని వారాల కష్టం పోతుంది. అద్దుకోకపోతే మార్కండేయ పీట పోతుంది. ఆయన ఆసుపత్రిలో నుంచి బతికి బయటికి వస్తే కూర్చోవడానికి చోటుండదు. సోమలింగం తన వేళ్లకన్నా దానికే ఎక్కువ భయపడ్డాడు. ఎంత కష్టమొచ్చినా డాక్టరుకు ఫోను చేయాలంటే మొహమాటపడే మనిషి, ఆ రోజు ఖాతా మెట్ల మీద నిలబడి చేశాడు.

"అమ్మా, పోనీ ఈ వేళ్లు. మళ్ల కరాబైతె కానీ. మా అన్న పీట నిలవెట్టాలె నేను," అన్నాడు.

బూడిద ఎందుకు, జిడ్డు పీల్చడానికేగా అని డాక్టరు అడిగింది. అవునన్నాడు. చంటిపిల్లలకు పూసే పౌడరు తెచ్చుకోమంది. సబ్బు లేకుండా ఉత్త నీళ్లతో కడుక్కుని, తుడుచుకుని, పౌడరు అద్దుకుని అతకమంది. గంటకోసారి ఆగాలి, అయిపోగానే లేపనం రాయాలి. మిగిలిన నాలుగు సిట్టింగులు తప్పకూడదు. అంతా చెప్పి, "మీ అన్నగారికి తగ్గాక నాకు చెప్పండి," అని ఫోను పెట్టేసింది.

ఖాతాలో నూనె వాసన, పోగుల వాసన ఉంటాయి. ఆ వేళ నుంచి బాలింత ఇంటి వాసన వచ్చింది. మగ్గాల దగ్గరి కుర్ర పనివాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. ఉయ్యాల ఎప్పుడు కడుతున్నావని ఒకడు అడిగాడు. సోమలింగం పట్టించుకోలేదు. పౌడరు అద్దుకుని మొదటి పోగు తీశాడు. మెలితిప్పి వదిలాడు. పోగు పట్టుకోలేదు, తెగలేదు. రెండోది. పదోది. నూరోది. ఆ వేళ్లు తనవేనా అన్నట్టు ఒకసారి చూసుకున్నాడు. మధ్యకు వచ్చాడు, మధ్య దాటాడు, మార్కండేయ పీట దాకా వెళ్లి, దాని మీద కూర్చుని ఆఖరి పోగులు అతికాడు. మొదటి బీమ్‌కి రోజంతా పట్టింది. నాలుగో రోజుకు ఏడు గంటలకు దిగింది. వస్తానన్న జోడీని మాస్టర్ రావద్దన్నాడు.

ఇరవయ్యో సిట్టింగు ఏప్రిల్ మొదటి వారంలో అయింది. డాక్టరు కోమలి అయిదు వేళ్లనూ లైటు కింద చూసి బాగున్నాయంది. ఇది మళ్లీ రావచ్చని, ఆరు నెలలకో ఏడాదికో కనబడితే చీలేదాకా ఆగకుండా రమ్మని చెప్పింది. సోమలింగానికి ఏదో చెప్పాలని ఉంది. ఇంగ్లీషు మాట నోట్లో తిరగదు, తెలుగులో దానికి మాట వాళ్ల ఇళ్లల్లో వాడరు. చేతులు జోడించాడు. జోడించిన చేతుల్ని తనే చూసుకుంటూ కాసేపు అలాగే నిలబడ్డాడు. ఆ ఏడాది డాక్టరు చీరలన్నిటికీ వినోదే ఫాల్ కుట్టింది, ఎంత చెప్పినా కూలీ తీసుకోలేదు.

మార్కండేయ బతికాడు. పదిహేడు రోజులు ఆసుపత్రిలో, పది రోజులు గదిలో ఉండి, ఏప్రిల్ మధ్యలో ఖాతాకు వచ్చాడు. బుగ్గలు లోపలికి పోయి, చొక్కా వదులై ఉన్నాడు. మేడమెట్లు ఎక్కలేక మధ్యలో ఆగితే సోమలింగం కిందికి దిగి చెయ్యందించి పైకి తీసుకొచ్చాడు. పీట మీద కూర్చున్నాక ఆయన పది పోగులు అతికాడు. ఆయాసం వచ్చి ఆపేశాడు.

అప్పుడు సోమలింగం జేబులోంచి నోట్ల కట్ట తీశాడు. ఆయన ఆసుపత్రిలో ఉన్న రోజుల నుంచీ వారం వారం సగం తీసి వినోద డబ్బాలో దాచింది అది. సోమలింగం కట్ట చాపాడు. అన్న వద్దంటాడని భయం. వద్దంటే ఏం చెయ్యాలో ఆయనకు తోచలేదు. అన్ని వారాలు కూర్చుని తను తిన్నది దానం అయిపోతుంది, జీవితాంతం ఆ పీట మీద తలవంచుకునే కూర్చోవాలి.

మార్కండేయ కట్ట అందుకున్నాడు. వేళ్లు తడిచేసుకోకుండా, ఊపిరి తీసుకుంటూ, ఒక్కో నోటూ లెక్కపెట్టాడు. మాస్టర్ చెప్పిన లెక్కతో సరిచూసుకోవడానికి రెండోసారి కూడా లెక్కపెట్టాడు.

"నూట ఇరవై తక్కువున్నయ్."

"పౌడర్ డబ్బాలకు పట్టుకున్న," అన్నాడు సోమలింగం.

"పట్టుకుంటే సగం పట్టుకోవాలె. మొత్తం ఎందుకు పట్టుకున్నవ్? పౌడర్ నీ దిక్కు పోగులకు గూడ వాడినవ్ గదా. అరవై ఇయ్యి."

సోమలింగం ఆయన ముఖంలోకి చూశాడు. ఎక్కడా నవ్వు లేదు. నిజంగానే అరవై రూపాయలు అడుగుతున్నాడు. సమానమైనవాడు సమానమైనవాణ్ని అడిగినట్టు, గట్టిగా, చెయ్యి చాపి. సూరత్ వచ్చాక తనకు ఎవరెవరు ఏమేమి ఇచ్చారో అన్నీ గుర్తున్నాయి గానీ, ఇంత పెద్దది ఎవరూ ఇవ్వలేదనిపించింది సోమలింగానికి. కళ్లు మసకబారి జేబులో చిల్లర కనబడలేదు. తడుముకుని, ఒక యాభై నోటూ ఒక పది బిళ్లా తీసి ఆ చేతిలో పెట్టాడు.